ఎక్స్‌ఎంఎల్ ఫైలులో లింకులు: ఏ గుర్తును, ఏ దశలో, ఎన్నిసార్లు మార్చాలి

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. కడియపులంకలోని ఒక నర్సరీ మొక్కల జాబితాను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా (సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి రాసే ఫైలు) చేసి, బయటి రాష్ట్రంలోని కొనుగోలుదారుల వెబ్‌సైటుకు రోజూ పంపుతున్నారు. ప్రతి మొక్కకూ ఒక పేజీ లింకు, ఒక ఫొటో లింకు ఉన్నాయి. ఫైలు 412వ వరుస దగ్గర ఆగిపోతోంది. లింకుల్లోని & గుర్తులన్నిటినీ %26గా మార్చితే ఫైలు తెరుచుకుంది గానీ, లింకు నొక్కితే ఆ మొక్క పేజీ రావడం లేదు. లింకును సీడేటా విభాగంలో (లోపలిది ఉన్నదున్నట్టు తీసుకోమని పార్సర్‌కు, అంటే ఎక్స్‌ఎంఎల్‌ను చదివే ప్రోగ్రాముకు, చెప్పే చోటు) పెట్టి చూస్తే మొదటి పారామీటర్ (లింకులో ? తర్వాత ‘పేరు=విలువ’గా వచ్చే జత) తప్ప మిగతావి సర్వర్‌కు చేరడం లేదు. వీటికి తోడు షేడ్ నెట్ (మొక్కలకు నీడనిచ్చే వల) ఫొటోలు కొన్ని అసలు కనబడటం లేదు. వీటిలో ఏ పద్ధతి సరైనదని అడిగారు.

ఉన్నదున్నట్టు పంపడం, %26గా మార్చడం, సీడేటాలో పెట్టడం: మీరు చేసిన తీరులో ఈ మూడింటిలో ఏదీ సరైనది కాదు. అయితే మూడింటికీ మూలం ఒక్కటే కాబట్టి దాన్ని పట్టుకుంటే అన్నీ కలిసి సర్దుకుంటాయి. మీ చేతిలోని లింకు రెండు వేర్వేరు వ్యాకరణాలకు లోబడి ఉంది. మొదటిది లింకు వ్యాకరణం, అంటే 2005 జనవరిలో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986. రెండోది ఎక్స్‌ఎంఎల్ వ్యాకరణం, అంటే 1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫార్సుగా ప్రకటించిన ప్రమాణం. మొదటిది % గుర్తుతో మార్పులు చేస్తుంది, రెండోది & గుర్తుతో చేస్తుంది. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతే మీకు వచ్చిన చిక్కులే వస్తాయి. ధవళేశ్వరం నుంచి కాలువలో దిగే పడవ మొదటి లాకు (నీటిమట్టం మార్చే గేట్ల జత), తర్వాత రెండో లాకు దాటుతుంది. తిరుగు ప్రయాణంలో రెండోది ముందు, మొదటిది తర్వాత. ప్రతి లాకునూ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే దాటాలి. లింకు కూడా అంతే. ముందు లింకు నియమం, ఆ తర్వాత ఎక్స్‌ఎంఎల్ నియమం. చదివేటప్పుడు ముందు ఎక్స్‌ఎంఎల్ విప్పాలి, తర్వాత లింకు విప్పాలి.

ఇప్పుడు మీ 412వ వరుస చూద్దాం. చదవడానికి వీలుగా తెలుగు అక్షరాలను అలాగే ఉంచుతున్నాను, వాటి సంగతి తర్వాత చెబుతాను.

<లింకు>/మొక్కలు?రకం=క్రోటన్&పేరు='పెట్రా'&కుండీ=6"</లింకు>

పార్సర్ దీన్ని అక్షరం వెంట అక్షరం చదువుతూ & దగ్గరకు వస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో & అంటే ఎంటిటీ (ఒక గుర్తుకు బదులుగా రాసే, సెమీకోలన్‌తో ముగిసే సంకేతం) మొదలైందని అర్థం. ఆ వెంటనే ఉన్న ‘పేరు’ను ఎంటిటీ పేరుగా తీసుకుంటుంది, ఎందుకంటే ఎక్స్‌ఎంఎల్ పేర్లలో తెలుగు అక్షరాలు చెల్లుతాయి. (అందుకే పైన నేను రాసిన <లింకు> ట్యాగ్ కూడా చెల్లుతుంది.) పేరు ముగిశాక సెమీకోలన్ రావాలి. ఇక్కడ = వచ్చింది. సెమీకోలన్ లేదని చెప్పి పార్సర్ ఆగిపోతుంది. మొదటి 411 వరుసల్లో ఏ లింకులోనూ రెండో పారామీటర్ లేదు కాబట్టి అవన్నీ దాటిపోయాయి. లోపం మీ ప్రోగ్రాములో మొదటి వరుస నుంచీ ఉంది, 412 దగ్గర బయటపడిందంతే.

ఆగిపోవడం పార్సర్ మొండితనం అనుకోకండి. ఇలాంటి లోపం తగిలితే మామూలుగా ముందుకు సాగకూడదని ఎక్స్‌ఎంఎల్ ప్రమాణమే శాసిస్తోంది. వెబ్ పేజీని చూపించే బ్రౌజర్ ఇలాంటి తప్పును ఊహతో సర్దుకుని పేజీని చూపిస్తుంది. వ్యాపార సమాచారం మోసే ఫైలులో ఊహకు చోటు ఉండకూడదు. పెట్రా క్రోటన్ ధర ఇంకో మొక్క కింద పడటం కంటే ఫైలు ఆగిపోవడమే మేలు.

ఇక మీ మొదటి మందు: & గుర్తులన్నీ %26గా మార్చడం. ఈ ఒక్క విషయం బాగా పట్టుబడితే మిగతా సమాధానం సగం చదవకపోయినా ఫర్వాలేదు. లింకులో & రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పారామీటర్ల మధ్య గోడగా నిలిచే &. రెండోది, విలువలో భాగంగా వచ్చే &. మీ జాబితాలో ‘గులాబీలు & మల్లెలు’ అనే విభాగం ఉంది కదా, అక్కడిది రెండో రకం. గోడగా ఉన్న దాన్ని %26గా మార్చితే గోడ కూలిపోతుంది. సర్వర్ దృష్టిలో అప్పుడు పారామీటర్ ఒక్కటే: ‘రకం’. దాని విలువ ‘క్రోటన్&పేరు=...’ అనే పొడవాటి తీగ. అలాంటి రకం మొక్క ఏదీ లేదు కాబట్టి ఖాళీ పేజీ వచ్చింది. విలువలోని &ని మార్చకుండా వదిలితే దీనికి సరిగ్గా ఎదురు: లేని చోట గోడ లేస్తుంది, ‘గులాబీలు’ దగ్గరే విలువ తెగిపోతుంది.

రెండూ కలిసి ఉన్న లింకు సరిగ్గా రాస్తే ఇలా ఉంటుంది:

/మొక్కలు?విభాగం=గులాబీలు%20%26%20మల్లెలు&కుండీ=6%22

విలువలోని & అయితే %26 అయింది, ఖాళీ %20 అయింది, అంగుళాల గుర్తు %22 అయింది. గోడగా ఉన్న & మాత్రం కదలలేదు. ఇది పూర్తయిన లింకు. బ్రౌజర్‌లో పెడితే పనిచేస్తుంది, వాట్సాప్‌లో పంపితే పనిచేస్తుంది. మీ డేటాబేసులో దాచుకోవలసిన రూపం ఇదే. దీన్ని ఎక్స్‌ఎంఎల్‌లోకి ఎక్కించేటప్పుడు మాత్రమే మిగిలిన ఆ ఒక్క &ని మార్చాలి:

<లింకు>/మొక్కలు?విభాగం=గులాబీలు%20%26%20మల్లెలు&#38;కుండీ=6%22</లింకు>

&#38; అన్నది & గుర్తుకు అంకెల రూపం. ఏ, ఎం, పీ అనే ఇంగ్లిషు అక్షరాలతో రాసే పేరు రూపాన్ని ఎక్కువమంది వాడతారు. రెండూ ఒకటే, ఏ పార్సర్‌కైనా రెండూ తెలుసు. ఇలా పేరుతో రాయగలిగే గుర్తులు ఎక్స్‌ఎంఎల్‌లో ముందుగా నిర్ణయించినవి ఐదే: &, <, >, రెండు రకాల కొటేషన్ గుర్తులు. వెబ్ పేజీల్లో వాడే మిగతా పేర్లు, అంటే విరగని ఖాళీ, కాపీరైట్ గుర్తు లాంటి వాటి పేర్లు, ఇక్కడ చెల్లవు. అవి కావాలంటే అంకెల రూపంలో రాయండి, లేదా ఆ అక్షరాన్నే నేరుగా యూటీఎఫ్-8లో (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) పెట్టండి.

అవతలివారు ఈ ఫైలును పార్సర్‌తో చదివినప్పుడు &#38; తనంతట తానే & అవుతుంది. వాళ్లు చేతితో మార్చవలసింది ఏమీ లేదు, మార్చకూడదు కూడా. %20, %26 మాత్రం అలాగే నిలుస్తాయి, ఎందుకంటే % గుర్తుతో ఎక్స్‌ఎంఎల్‌కు ఇక్కడ ఏ సంబంధమూ లేదు. వాటిని విప్పేది చివరికి మీ సర్వరే.

సీడేటా సంగతి. సీడేటా లోపల & వచ్చినా < వచ్చినా పార్సర్ పట్టించుకోదు, ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. మీరు అప్పటికే & గుర్తులను &#38;గా మార్చి, ఆ పైన సీడేటాలో చుట్టారు. అందువల్ల &#38; విప్పుకోకుండా లింకులో అలాగే మిగిలిపోయింది. బ్రౌజర్‌కు చేరిన లింకు ఇది:

/మొక్కలు?రకం=క్రోటన్&#38;పేరు=...

లింకు వ్యాకరణంలో # తర్వాత ఉన్నదంతా పేజీలోని ఒక చోటును సూచించే తోక. బ్రౌజర్ దాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది, సర్వర్‌కు పంపదు. అందుకే ‘రకం’ ఒక్కటే చేరింది. పేరు రూపం వాడి ఉంటే లక్షణం వేరుగా ఉండేది: పారామీటర్ల పేర్ల ముందు ఏఎంపీ అక్షరాలూ సెమీకోలన్‌తో చేరేవి. సర్వర్ లాగ్‌లో ఈ రెండింటిలో ఏది కనబడినా ఎక్కడో ఒక పొర ఎక్కువైందని వెంటనే తెలుసుకోవచ్చు.

సీడేటా వాడటం తప్పేమీ కాదు. దాని లోపల ఎస్కేప్ చేయని, అంటే &ని &#38;గా మార్చని, లింకు పెడితే సరిపోతుంది. అయినా లింకుల కోసం నేను దాన్ని వాడను, ఎవరినీ వాడమనను. ఆట్రిబ్యూట్ (ట్యాగ్ గుర్తుల మధ్యే పేరు="విలువ" అని రాసే భాగం) విలువలో సీడేటా పెట్టడానికి వీల్లేదు. లోపల ]]> వరుస వస్తే అక్కడితో ముగిసిపోతుంది. పైగా మధ్యలో ఏ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును చదివి తిరిగి రాసినా సీడేటా మాయమై మామూలు పాఠంగా మారవచ్చు. ఇవాళ లింకు ట్యాగ్ లోపల ఉంది, రేపు కొనుగోలుదారు అడిగితే ఆట్రిబ్యూట్‌లోకి మారవచ్చు. రెండు చోట్లా పనిచేసే ఒకే పద్ధతి చేతిలో ఉండగా ఇది ఎందుకు?

ఇక కొటేషన్ గుర్తులు. నర్సరీ డేటాలో ఇవి ఇంకే వ్యాపారంలోనూ లేనంతగా ఉంటాయి. సాగు రకాల పేర్లను ఒంటి కొటేషన్ గుర్తుల్లో రాయడం అంతర్జాతీయ నామకరణ నియమం, కాబట్టి 'పెట్రా' చుట్టూ ఉన్న గుర్తులను తీసేయమని నర్సరీవారికి చెప్పలేం. కుండీల కొలతలన్నీ అంగుళాల గుర్తుతో వస్తాయి. నరసాపురం లేసు అమ్మేవారి జాబితాల్లో కూడా 12" × 18" అని ఇదే తంతు. ట్యాగ్ లోపలి పాఠంలో ఈ రెండు గుర్తులూ ఎక్స్‌ఎంఎల్‌కు అభ్యంతరం కాదు. ఆట్రిబ్యూట్‌లో పెట్టినప్పుడే చిక్కు:

<మొక్క లింకు="/మొక్కలు?కుండీ=6""/>

ఆరు పక్కనున్న గుర్తు దగ్గరే విలువ ముగిసిందని పార్సర్ అనుకుంటుంది, మిగిలిన గుర్తు ఏమిటో తెలియక ఆగుతుంది. లింకు పొరలో %22గా ముందే మార్చి ఉంటే ఈ సమస్య ఎక్స్‌ఎంఎల్ దాకా రానే రాదు. జంట కొటేషన్ గుర్తు లింకులో నేరుగా ఉండటానికి నియమం ఒప్పుకోదు కూడా.

ఒంటి గుర్తు విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. లింకు నియమంలో అది అనుమతి ఉన్న గుర్తే. అందుకే జావాస్క్రిప్ట్‌లోని ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ దాన్ని తాకదు, ' గానే వదిలేస్తుంది. పైథాన్‌లోని కోట్ ఫంక్షన్ దాన్ని %27 చేస్తుంది. మీ వెబ్‌సైటు జావాస్క్రిప్ట్‌తో, ఫైలు తయారీ పైథాన్‌తో నడుస్తున్నాయని రాశారు. అంటే ఒకే మొక్కకు రెండు రాతల్లో లింకులు పుడుతున్నాయి. రెండూ తెరుచుకోవచ్చు, కానీ అవతలివారి సాఫ్ట్‌వేర్ లింకును గుర్తింపుగా వాడుతుంటే మొక్క రెండుసార్లు నమోదవుతుంది. రెండు చోట్లా %27 చేయడం క్షేమం.

ఇదే సందర్భంలో మరొకటి. పేర్లను వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే నిలువు గుర్తు ' తనంతట తానే వంపు గుర్తు ’ అవుతుంది. కంటికి పెద్ద తేడా లేదు, కానీ కంప్యూటర్‌కు మొదటిది 39వ అక్షరం, రెండోది 8217వ అక్షరం. ఫొటో ఫైలు పేరులో ఒకటి, లింకులో ఇంకొకటి ఉంటే ఫొటో దొరకదు. ఎన్‌కోడింగ్ (% రూపంలోకి మార్చడం) ఎంత సరిగ్గా చేసినా దీన్ని బాగుచేయలేదు. డేటా ఎక్కించే దశలోనే ఏదో ఒక గుర్తుకు కట్టుబడాలి.

షేడ్ నెట్ ఫొటోల దగ్గరకు వద్దాం. ఈ సమస్యకు ఎక్స్‌ఎంఎల్‌తో సంబంధం లేదు, ఫైలు పేర్లలోని % గుర్తే కారణం. కడియం పరిసరాల్లో 50% నెట్, 75% నెట్ అనే పిలుస్తారు, ఫొటోలకూ అవే పేర్లు పెట్టారు. విండోస్ ఫైలు పేర్లలో జంట కొటేషన్, ప్రశ్నార్థకం, నక్షత్రం లాంటివి ఒప్పుకోదు. &, %, #, ' లను మాత్రం ఒప్పుకుంటుంది. లింకులను కకావికలు చేసే గుర్తులే ఫైలు పేర్లలో నిరాటంకంగా చేరిపోతాయన్నమాట. లింకులో % అంటే తర్వాతి రెండు గుర్తులు ఒక బైట్ విలువ అని అర్థం. మీ ఫైళ్లలో ఒకదాని పేరు ‘75%50మీ’ అని ఉంది, అంటే 75 శాతం నెట్, 50 మీటర్ల చుట్ట. దాన్ని యథాతథంగా లింకులో పెడితే సర్వర్ %50ని ఒక బైట్‌గా విప్పుతుంది. అది ఇంగ్లిషు ‘పీ’ అక్షరం. సర్వర్ ‘75పీమీ’ అనే ఫైలు కోసం వెతుకుతోంది, అది లేదు. సరైన రాత ‘75%2550మీ’: % గుర్తే %25 అయింది, 50 అలాగే ఉంది. ‘50% నెట్’ అయితే ‘50%25%20నెట్’ అవుతుంది.

నర్సరీవారిని ఒప్పించగలిగితే ఫొటోలకు అంకెలు, అడ్డగీతలతో సాదా పేర్లు పెట్టించండి. లింకు నియమంలో ఎక్కడా మార్చనక్కరలేని గుర్తులు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, ఇంకా నాలుగు: - . _ ~ మాత్రమే. వీటితో కట్టిన ఫైలు పేరు ఏ పొరలోనూ మారదు. మొక్క పేరు తెలుగులో అందంగా చూపించడానికి వేరే ట్యాగ్ ఉంది, ఫైలు పేరు ఆ పని చేయనక్కరలేదు.

ఖాళీ గురించి ఒక మాట: క్వెరీ భాగంలో, అంటే ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీని + గా రాస్తాయి. అది ఫారాల కోసం వచ్చిన పద్ధతి. ఫొటో దారిలో, అంటే ప్రశ్నార్థకానికి ముందు భాగంలో, + అంటే కూడిక గుర్తే, ఖాళీ కాదు. %20 రెండు చోట్లా చెల్లుతుంది కాబట్టి అదే వాడండి. పీహెచ్‌పీలో రా-యూఆర్‌ఎల్-ఎన్‌కోడ్ అనేది %20 ఇస్తుంది, ‘రా’ లేనిది + ఇస్తుంది. జావాలోని యూఆర్‌ఎల్‌ఎన్‌కోడర్ కూడా + బాపతే.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. పైన ఉదాహరణల్లో వాటిని అలాగే ఉంచాను. ఎక్స్‌ఎంఎల్‌కు అవి సమ్మతమే. లింకు నియమం ప్రకారం మాత్రం వాటినీ % రూపంలోకి మార్చాలి. నేరుగా ఉంచే వెసులుబాటు ఆర్‌ఎఫ్‌సీ 3987లో ఉంది గానీ, అవతలి సాఫ్ట్‌వేర్ ఆ నియమం పాటిస్తుందన్న భరోసా లేనప్పుడు మార్చి పంపడమే మంచిది. దీనివల్ల పొడవు ఎంత పెరుగుతుందో ముందే లెక్కవేసుకోండి. ‘కడియపులంక’ కంటికి ఆరు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తులు, సున్న కలిపి తొమ్మిది. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 27. ఒక్కో బైట్ % తో కలిపి మూడు గుర్తులు, మొత్తం 81. డేటాబేసులో లింకు గడిని 255 గుర్తులకు పరిమితం చేసి ఉంటే 28 తెలుగు గుర్తులకే నిండిపోతుంది. నిండాక తెగేది % త్రయం మధ్యలో తెగితే ఆ లింకు ఇక ఎవరికీ అర్థం కాదు. సైట్‌మ్యాప్ ఫైలుకు (సైటు పేజీల చిట్టాను సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే ఫైలు) కూడా ఇదే లింకులు వాడబోతున్నట్టు రాశారు కదా. అందులో ఒక్కో లింకు 2,048 గుర్తులకు లోపే ఉండాలి, ఒక ఫైలులో 50,000 లింకులకు మించకూడదు. & మార్పు నియమం అక్కడా ఇదే.

తెలుగుతో వచ్చే ఇంకో చిక్కును చాలామంది పట్టుకోలేరు, ఎందుకంటే అది కంటికి కనబడదు. ‘క్రోటన్‌లు’ అని టైపు చేసేటప్పుడు న్, ల కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పడుతుంది. యూనికోడ్‌లో అది 8204వది. తర్వాత ఎవరో ‘లు’ ఒక్కటే చెరిపేసి ‘క్రోటన్’ అని ఉంచుతారు. ఆ గుర్తు చివర్లో మిగిలిపోతుంది. తెరమీద రెండు ‘క్రోటన్’లూ ఒకేలా ఉంటాయి. లింకులోకి వచ్చేసరికి రెండోది మొదటిదానికంటే తొమ్మిది గుర్తులు ఎక్కువ పొడవు, సర్వర్‌లో దానికి సరిపోయే రకమే ఉండదు. పదం చివర మిగిలిన ఇలాంటి గుర్తులను లింకు కట్టకముందే తొలగించండి. పదం మధ్యలో ఉన్నవాటిని తొలగిస్తే మాట రూపమే మారిపోతుంది కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో ఒక ముక్కగా గానీ రెండు ముక్కలుగా గానీ రాయవచ్చు. అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి తెస్తే ఆ తేడా పోతుంది. ఇవి చిన్న పనులే గానీ, తెలుగు డేటా నమ్మకంగా పనిచేయాలంటే తప్పవు.

ఎక్సెల్ నుంచి అతికించినప్పుడు వచ్చే అదృశ్య నియంత్రణ అక్షరాలు మరో రకం. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 32కు లోపు సంఖ్య గల అక్షరాల్లో 9, 10, 13 మాత్రమే చెల్లుతాయి. మిగతావాటిని &#11; అని అంకెల్లో రాసినా పార్సర్ ఒప్పుకోదు. ఎస్కేప్ చేసి నెగ్గే దారి లేదు, తీసేయాల్సిందే.

ప్రోగ్రాములో ఏం మార్చాలో చెబుతాను. ఇప్పుడు మీరు పాఠం ముక్కలను + తో కలిపి ట్యాగులు కడుతున్నారు, ఆ పైన వెతికి మార్చే ఆదేశాలు వేస్తున్నారు. ఈ రెండూ మానేయండి. లింకు కట్టేటప్పుడు ప్రతి పారామీటర్ విలువనూ విడిగా కోట్ ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన వాటిని &, = లతో కలపండి. కోట్ ఫంక్షన్ మామూలుగా / గుర్తును వదిలేస్తుంది. ఫొటో దారికి అది సరిపోతుంది, పారామీటర్ విలువకు మాత్రం ఆ మినహాయింపు తీసేయండి. మొత్తం లింకు కట్టాక దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయకండి. అప్పటికి గోడలేవో విలువలేవో చెప్పగలిగేవారు ఉండరు. ఆ లింకును అలాగే, పైథాన్‌లో ఎక్స్‌ఎంఎల్ రాసిపెట్టే ఎలిమెంట్‌ట్రీకి ఇవ్వండి. ఎక్స్‌ఎంఎల్ ఎస్కేప్ అదే చేస్తుంది. మీరు ముందే &#38; చేసి ఇస్తే అది &ని మళ్లీ మార్చి పేరు రూపంలో రాస్తుంది, పొర రెండవుతుంది. ఫైలును యూటీఎఫ్-8లోనే రాయండి, మొదటి వరుసలో ప్రకటించే ఎన్‌కోడింగ్ కూడా అదే కావాలి. అందంగా కనబడాలని లింకు చుట్టూ కొత్త వరుసలు, ఖాళీలు చేర్చకండి. ట్యాగ్ లోపలి ఖాళీలను పార్సర్ పారేయదు, అవి లింకులో భాగమై వెళ్తాయి.

ఇప్పటికే డేటాబేసులో చేరిన పాత లింకులను బాగుచేయడం ఓపిక కావలసిన పని. ముందు నకలు తీసి పెట్టుకోండి. &#38; గానీ దాని పేరు రూపం గానీ ఉన్న లింకులను వెతికి, ఒక పొర విప్పి, మళ్లీ వెతకండి. కొన్నిటికి రెండు పొరలు ఉండవచ్చు. ఇవి నిశ్చింతగా విప్పవచ్చు, ఎందుకంటే సరైన లింకులో ఆ వరుస రావడం చాలా అరుదు. %26 వల్ల కూలిన గోడలను మాత్రం యంత్రానికి అప్పగించకండి. ‘గులాబీలు%20%26%20మల్లెలు’లో అది సరైనదే. %26 తర్వాత మీకు తెలిసిన పారామీటర్ పేరు, దాని వెంట = ఉన్న వాటినే గోడలుగా తిరిగి మార్చండి, మిగతావి కంటితో చూడండి. వీలైతే పాత లింకులు బాగుచేసే బదులు మొక్కల పట్టిక నుంచి లింకులన్నీ కొత్తగా పుట్టించడం మేలు.

%2520 కనిపించగానే అది రెండు పొరల తప్పని తీర్మానించకండి. చాలా సందర్భాల్లో తప్పే. కానీ మీ పేజీలో వాట్సాప్‌లో పంచుకునే బటన్ ఉంది. ఆ లింకు లోపల, సందేశపు విలువగా, మొక్క లింకు మొత్తం కూర్చుంటుంది. లోపలి లింకు అక్కడ ఒక విలువ మాత్రమే. కాబట్టి దాని గోడలు %26 కావాలి, దాని %20లు %2520 కావాలి. అక్కడ అదే సరైన రాత. లింకులో లింకు ఉంటే లింకు పొర నిజంగానే రెండుసార్లు ఉంటుంది.

ఎస్కేప్ చేసినంత మాత్రాన లింకు భద్రమైనదని అర్థం కాదు. ఇతర నర్సరీల నుంచి కూడా లింకులు తీసుకోబోతుంటే అవి వెబ్ చిరునామాలుగా మొదలవుతున్నాయో, జావాస్క్రిప్ట్ ఆదేశంగా మొదలవుతున్నాయో చూసి రెండో రకాన్ని తిరస్కరించండి.

ఫైలు పంపే ముందు ప్రతిసారీ ఒక పరీక్ష ప్రోగ్రాముతోనే చేయించండి: తయారైన ఫైలును తిరిగి పార్సర్‌తో చదివి, వచ్చిన ప్రతి లింకునూ డేటాబేసులోని లింకుతో పోల్చాలి. ఒక్క గుర్తు తేడా ఉన్నా ఫైలు కదలకూడదు. పరీక్ష కోసం ఒక ఊహా మొక్కను పట్టికలో పెట్టుకోండి. దాని పేరులో &, ', ", %, #, ×, <, ఒక ఖాళీ, ఒక తెలుగు మాట అన్నీ ఉండాలి. అది క్షేమంగా వెళ్లి వస్తే కడియంలో పెరిగే ఏ మొక్కకూ ఇబ్బంది రాదు. కొనుగోలుదారుల సాంకేతిక సిబ్బందిని కూడా ఒక మాట అడగండి: ఫైలును పార్సర్‌తో చదువుతున్నారా, లేక ట్యాగుల మధ్య ఉన్నదాన్ని వెతుకులాటతో కోసుకుంటున్నారా అని. రెండోదైతే మీ &#38; వాళ్ల దగ్గర విప్పుకోదు, ఆ దిద్దుబాటు వాళ్ల వైపు జరగాలి. దానికోసం మీ ఫైలును చెడగొట్టకండి.